గోడ మలుపులో నివెస్

మా కోర్వాత్ కొండ రోడ్డు మీద గోడ మలుపు అని ఒకటుంది. అక్కడ గోడా లేదు, గొడ్డూ లేదు. రోడ్డే లేచి గోడలా నిలబడుతుంది, అంతే. సైకిళ్ళ రేసు మా కొండకి వచ్చిన ప్రతిసారీ నివెస్ కందొత్తి ఆ మలుపులోనే ఉంటుంది. ఇటలీ అంతా మూడు వారాలు తిరిగే రేసు కాబట్టి మావైపు ఏటా రాదు. నాలుగేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి వస్తుంది. వచ్చిన రోజున లోయలో పెళ్ళిళ్ళు కూడా వాయిదా పడతాయి.

నివెస్‌కు అరవై దాటి చాలా ఏళ్ళయింది. బతుకంతా బడి వంటశాలలో మొక్కజొన్న సంకటి కెలికింది. గంటసేపు ఆపకుండా కెలికితే గానీ ఆ సంకటి పొయ్యి దిగదు. అలా కెలికి కెలికి ఆవిడ చేతులు రోకళ్ళలా తయారయ్యాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "అడిగినవాడు నచ్చలేదు, నచ్చినవాడు అడగలేదు, సంకటి మాడిపోతోంది, జరుగు" అనేది. ఉద్యోగం మానేశాక ఆ చేతులకి మిగిలిన గొప్ప పని ఒకటే. కొండెక్కలేక కూలబడబోయే రేసుగాళ్ళను వెనకనుంచి తోయడం.

తోయడం తప్పే. రూలు ప్రకారం ఎవరి కాళ్ళతో వాళ్ళే ఎక్కాలి. కానీ రూలుకి కూడా కొంచెం మనసుంటుంది. ముందు పోయేవాడిని ఎవడైనా తోస్తే రిఫరీ మోటారు సైకిలు మీద నుంచి దిగి మరీ తగువేసుకుంటాడు. ఎక్కడో తోకలో, ముక్కు కారుతూ, కళ్ళు తేలేస్తూ వచ్చేవాడి వీపు మీద ఒక ముసలమ్మ చెయ్యి వేస్తే, ఆ పూట రిఫరీకి అడవిలో ఏదో పిట్ట కనబడుతుంది. అటు చూస్తాడు.

ఆవిడ మొదటిసారి తోసింది పంతొమ్మిదో ఏట. ఏడుస్తూ ఎక్కుతున్నవాణ్ణి చూసి ఆగలేక పరిగెత్తి తోసింది. వాడు బెల్జియం వాడో ఏమో, వెళ్తూ వెళ్తూ వాడి భాషలో ఏదో అన్నాడు. "నాకు దండం పెట్టాడు" అని ఆవిడ చెప్పుకునేది. "తిట్టి ఉంటాడు" అని తమ్ముడు గిల్దో అనేవాడు. ఆనాటి నుంచి ఆవిడకి కొన్ని సొంత నియమాలు ఏర్పడ్డాయి. ముందువాళ్ళ జోలికి పోదు. తల అడ్డంగా ఊపినవాణ్ణి ముట్టుకోదు. భుజం మీద తోస్తే బండి తూలుతుంది కాబట్టి చెయ్యి నడుం మీదే వేస్తుంది. వదిలేటప్పుడు, నడక నేర్చే పిల్ల చెయ్యి వదిలినట్టు మెల్లగా వదులుతుంది. మనవాడా పైవాడా అన్న తేడా ఆవిడకి లేదు. మొగం చూసేది కూడా తక్కువే. ఆవిడ చూసేది వీపులు.

ఇంతకీ ఆ రేసులో మావాడూ ఒకడున్నాడు. గిల్దో కొడుకు లోరిస్. తల్లి హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి పోతే, వాడు బడి వంటశాలలో మేనత్త కాళ్ళకడ్డం పడుతూ పెరిగాడు. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. పెద్ద రేసుల్లో పన్నెండేళ్ళుగా ఉన్నాడు గానీ ఒక్కటీ గెలవలేదు. గెలవడం వాడి పని కాదు. వెనక కారు దగ్గరికి పోయి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని, మళ్ళీ ముందుకొచ్చి తన జట్టు నాయకుడికి అందించడం వాడి పని. మా బార్లో వాడి ఫొటో ఉంది. అందులోనూ సీసాలే మోస్తున్నాడు.

ఈసారి రేసు మా కొండకి వచ్చింది. పై కొసన ఆ రోజుకి ముగింపు. లోరిస్‌కి ఇదే ఆఖరి రేసని అందరికీ తెలుసు, వచ్చే ఏడాదికి జట్టు వాణ్ణి ఉంచుకోవడం లేదు. ఆఖరి నగరం దాకా తొక్కి, అందరితో పాటు గీత దాటి, బండి దిగి చక్కగా ఇంటికి రావాలన్నది వాడి కోరిక. అంతకన్నా ఏమీ అడగలేదు పాపం. కానీ వారం కిందట పడ్డాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆపైన, రెండు రోజుల కిందట పక్క లోయలో వాడి పెళ్ళాం తరఫు చుట్టాలు ప్రేమ పట్టలేక వాణ్ణి మలుపు మొదలు నుంచి చివరి దాకా తోసుకుంటూ పోయారు. అదంతా టీవీలో వచ్చింది. రిఫరీలు జరిమానా వేసి, ఇంకోసారి ఇలా తోయించుకుంటే ఇంటికి పంపిస్తామన్నారు. ముందువాడు గీత దాటాక ఇంత గడువులోపల చివరివాడూ దాటాలి, లేకపోతే వాణ్ణి రేసులోంచి తీసేస్తారు, అదొకటి. అంటే లోరిస్‌కి రెండు వైపులా గొయ్యే. తోస్తే తోసినందుకు పోతాడు, తోయకపోతే గడువు దాటి పోతాడేమో.

ముందురోజు మధ్యాహ్నం వాడు మేనత్తకి ఫోన్ చేశాడు.

"అత్తా, నీకో పని చెప్తాను. తిట్టకూడదు."

"తిట్టేదయితే తిడతాను. చెప్పు."

"రేపు కొండ మీద మనవాళ్ళెవరూ నా మీద చెయ్యి వెయ్యకుండా చూడు. రిఫరీ బండి నా వెనకే ఉంటుంది. నన్ను నేను ఎక్కించుకుంటాను. ఎక్కలేకపోతే అక్కడికి సరి."

"మోకాలెలా ఉందిరా?"

"ఉంది."

"అదేం సమాధానం?"

"మోకాలు గురించి అడగొద్దత్తా. చెయ్యి గురించి మాట ఇవ్వు."

ఇచ్చింది. ఇచ్చాక కూర్చుని తన చేతుల వంక చాలాసేపు చూసుకుంది. ఎవరికో పుట్టినవాళ్ళనందర్నీ తోసిన చేతులు, రేపు సొంత మేనల్లుణ్ణి తోయకూడదు. ఆవిడకి ఒళ్ళు మండింది, ఎవరి మీద మండాలో తెలియలేదు.

తెల్లవారగానే ఎప్పటి నీలం ఏప్రాన్ కట్టుకుని కొండ దారి పట్టింది. మే నెల చివర అయినా రోడ్డు పక్కన మంచు కుప్పలు కరగలేదు. కార్లు ఆపేశారు కాబట్టి జనం నడిచే వస్తున్నారు, ఆవుల మెడలోని గంటలు విప్పి తమ మెడలో వేసుకుని, ద్రాక్షసారా సీసాలు సంకలో పెట్టుకుని. మలుపు మలుపు దగ్గరా నివెస్ ఆగి అదే ముక్క చెప్పింది. లోరిస్‌ని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను.

పక్కింటి ఓర్తెన్సియా పొయ్యి మీద చీజు, బంగాళాదుంపలు వేసి అట్టు కాలుస్తోంది. విని, అట్టుకాడ పైకెత్తి నవ్వింది.

"వందెలుకల్ని తిన్న పిల్లి తీర్థయాత్రకి బయల్దేరిందట. నువ్వా వదినా మాకు చెప్పేది?"

"నేనే చెప్పేది. తోయడమంటే ఏంటో నాకు తెలుసు కాబట్టే చెప్తున్నా."

"వాడు నా చేతి అట్లు తిని పెరిగాడు. ఒక్క చెయ్యి, ఇలా, వేలితో..."

"వేలు కూడా వద్దు ఓర్తెన్సియా. వాడు ఇంటికొచ్చాక ఎంత కావాలంటే అంత నిమురుకో."

కింది మలుపులో గిల్దో నలుగురు స్నేహితులతో రోడ్డు మీద సున్నంతో కొడుకు పేరు రాస్తున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటీ ఎద్దంత ఉన్నాయి.

"నీకు మరీ మరీ చెప్పాలా?" అంది నివెస్.

"నా కొడుకుని నేనెందుకు చెడగొట్టుకుంటానక్కా? చూడు, రెండు చేతుల్లోనూ బ్రష్షులే ఉన్నాయి."

"రేసు వచ్చేసరికి కూడా ఉండాలి."

"ఉంటాయి. ఒట్టు."

మధ్యాహ్నానికి హెలికాప్టరు చప్పుడు వచ్చింది. తర్వాత మోటారు సైకిళ్ళు, తర్వాత ముందువాళ్ళు. గోడ మలుపులో జనం రోడ్డు మధ్యకి వచ్చేసి, సైకిలు సరిగ్గా మీదికి వచ్చేసరికి తలుపులు తెరుచుకున్నట్టు పక్కకి జరిగారు. గంటలు మోగాయి. ఒకడు ఆవు తోలు కప్పుకుని పరిగెత్తాడు, ఎందుకో వాడికే తెలియాలి. నివెస్ ముందువాళ్ళ వంక చూడను కూడా చూడలేదు. ఎవరు గెలుస్తారన్నది ఆవిడకి ఎప్పుడూ పట్టని సంగతి. ముందువాళ్ళు పోయాక గుంపు వచ్చింది, గుంపు పోయాక ముక్కలు ముక్కలుగా మిగతావాళ్ళు వచ్చారు. మామూలుగా అయితే ఈపాటికి సగం మంది దుప్పట్లు మడిచి కిందకి పోవాలి. ఈసారి ఒక్కరూ కదల్లేదు. లోరిస్ ఇంకా రాలేదు మరి.

గోడ మలుపు అంచున నిలబడితే కింద మూడు మలుపులు కనబడతాయి. చాలాసేపటికి అట్టడుగు మలుపులోకి ఒక నీలం చొక్కా వచ్చింది. ఒంటరిగా, బండిని ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపుకుంటూ. వెనకే రిఫరీ మోటారు సైకిలు.

"వాడే. మనవాడే" అంది ఓర్తెన్సియా.

సున్నం అక్షరాల దగ్గరికి వచ్చేసరికి నీలం చొక్కా ఒక్కసారిగా వేగం అందుకుంది. నివెస్ కళ్ళు చికిలించి చూసింది. వాడి పక్కన ఒక బట్టతల పరిగెడుతోంది. ఆ బట్టతలని వాడు పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ ఎరుగును.

"గిల్దో" అంది పళ్ళ మధ్య నుంచి. "ఒట్టు పెట్టిన వెధవ."

కన్నతండ్రే మొదలుపెట్టాక ఇంకెవరు ఆగుతారు? తలా ఒక చెయ్యి వేశారు. ఎవరికి వాళ్ళకి ఒకటే ఆలోచన, అందరూ మానేస్తారు కదా, నా ఒక్కడి చెయ్యి ఏం లెక్కలోకి వస్తుంది అని. పాల కేంద్రం వాడు తోశాడు. చర్చిలో గంట కొట్టేవాడు తోశాడు. జీవితంలో ఎవరికీ మంచినీళ్ళు కూడా ఇవ్వని తుపాకుల దుకాణం ఆయన కూడా తోశాడు. లోరిస్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, పాపం, అరవడానికి ఊపిరి లేదు. రిఫరీ హారన్ కొట్టించి చెయ్యి ఆడించి ఏదో అరిచాడు. ఇంకా ఒక్క మలుపు ఇలాగే సాగితే వాడు అక్కడికక్కడే రేసులోంచి పోతాడు.

నివెస్ రోడ్డు మధ్యలోకి వచ్చింది. పిల్లలు అన్నం దగ్గర కొట్టుకుంటే అరిచే గొంతు అది, బడి గోడలు దాటి వినబడేది.

"చేతులెత్తండి. అందరూ. రెండు చేతులూ పైకి. ఆ మోటారు సైకిలు వాడికి కనబడాలి. ఎవడి చెయ్యి కిందకి దిగినా నేను వాడి ఇంటి గడప తొక్కను, నా గడప వాడు తొక్కొద్దు."

ఓర్తెన్సియా అట్టుకాడతో సహా చేతులెత్తింది. ఆవు తోలు వాడు ఎత్తాడు. సారా సీసాల వాళ్ళు సీసాలు కింద పెట్టి మరీ ఎత్తారు. మలుపు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అందరి చేతులూ ఆకాశంలోకి లేచాయి, దొంగల్ని పోలీసులు పట్టుకున్నట్టు. నివెస్ కూడా ఎత్తింది.

లోరిస్ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. గోడ మొదట్లోనే బండి దాదాపు ఆగిపోయింది. ముందు చక్రం వంకర తిరిగింది, సరిగ్గా నివెస్ ఎదురుగా. వాడు తలెత్తి ఆవిడని చూశాడు. మాట తీసుకున్నది వాడే, అయినా ఆ చూపులో మాటా గీటా ఏమీ లేవు. అత్తా అని పిలిచే చిన్నప్పటి చూపు అది.

ఆవిడ చేతులు దిగబోయాయి. దిగలేదు. రెండు అరచేతులూ నెత్తి మీద పెట్టి గట్టిగా నొక్కుకుంది. అలాగే, నెత్తి మీద చేతులతోనే, వాడి పక్కన పరిగెత్తడం మొదలుపెట్టింది.

"తొక్కరా సన్నాసీ. తొక్కు. నువ్వు ఆగితే నేను చూడలేను, చచ్చిపోతాను ఇక్కడే. తొక్కు. సంకటి గిన్నె నాకినప్పుడు లేదా బలం? కుడి కాలు. ఇప్పుడు ఎడమ కాలు. నా నాయనే, ఇంకొకటి. నా బంగారమే, ఇంకొకటి."

వాడు తొక్కాడు. ఒకటి, ఇంకొకటి. చక్రం నిలబడింది. జనం చేతులు పైకెత్తుకునే వాడి వెనకాల పరిగెత్తారు. ఆ చేతులు చూసి పై మలుపు వాళ్ళు ఎత్తారు, వాళ్ళని చూసి ఆ పైవాళ్ళు. కొండ మొత్తం చేతులెత్తింది. బండి వెనక సీట్లో ఇందాకటి నుంచి రాసుకుంటున్న రిఫరీ కలం జేబులో పెట్టేశాడని తర్వాత ఓర్తెన్సియా చెప్పింది.

నివెస్‌కి అక్కడితో ఊపిరి అయిపోయింది. నిలబడిపోయి, చేతులు పైకే ఉంచి, మేనల్లుడి వీపు చిన్నదయ్యేదాకా చూస్తూ ఉంది. ఈలోగా వెనకనుంచి ఇంకొకడు వచ్చాడు. అదే జట్టు నీలం చొక్కా, సన్నగా నల్లగా ఉన్నాడు, కొసాకొస వాడు. వాడి వెనక చీపురు బండి తప్ప ఎవరూ లేరు. ఆగిపోయిన వాళ్ళని ఊడ్చుకుపోయే బండి అది. వాడు రోడ్డంతా వదిలి నివెస్ పక్కకే వచ్చాడు. ఆవిడ పైకి చూస్తూనే, దారి ఇవ్వాలని రెండడుగులు వెనక్కి జరిగింది. వాడు వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఎవరి దగ్గరో రేడియో మోగింది. లోరిస్ కందొత్తి గడువులోపలే గీత దాటాడు, జరిమానాతో వదిలేశారు, రేసులో ఉన్నాడు. ఇక మా వాళ్ళని పట్టేదెవరు? సారా సీసాలు మళ్ళీ పైకి లేచాయి. గిల్దో కింది మలుపు నుంచి ఏడుస్తూ వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేను ఊరికే ముట్టుకున్నానక్కా. తొయ్యలేదు."

"నోర్ముయ్. లేచి కూర్చో, మంచులో తడుస్తావు." అని వాడి బట్టతల మీద ఒకటి వేసింది. ఆవిడకి సంతోషంగా ఉంది. బతుకులో ఎన్నిసార్లు సంతోషించిందో ఎవరు చూడొచ్చారు గానీ, ఇంతగా ఎప్పుడూ లేదు.

పైన గీత దాటినవాళ్ళు చలికోట్లు వేసుకుని, జనం తప్పుకోవడానికి నోట్లో ఈలలు పెట్టుకుని, అదే రోడ్డు మీద కిందకి దిగుతారు. జట్ల బస్సులన్నీ లోయలోనే ఉంటాయి. లోరిస్ గోడ మలుపులో ఆగాడు. జనం మీద పడ్డారు, ఇప్పుడు ఎంతైనా ముట్టుకోవచ్చు కదా. ఓర్తెన్సియా నిమిరింది. గిల్దో కౌగిలించుకుని వదల్లేదు. వాళ్ళందర్నీ విడిపించుకుని వాడు మేనత్త దగ్గరికొచ్చి ఆవిడ భుజం మీద నుదురు ఆనించాడు.

"నీ మొహం చూసి, తోసేస్తావనుకున్నానత్తా."

"నేనూ అనుకున్నాను."

వాడి వెనక ఇంకో సైకిలు ఆగి ఉంది. నీలం చొక్కా మీద కోటు, సన్నటి నల్లటి కుర్రాడు, మర్యాదగా పక్కన నిలబడ్డాడు.

"వీడు మెహారీ. ఎరిత్రియా నుంచి. మొదటిసారి ఈ రేసుకి. నాతో గదిలో ఉంటాడు" అన్నాడు లోరిస్. నవ్వు కొంచెం తగ్గింది. "వీడిది గడువు దాటింది. కొంచెంలో పోయింది అత్తా. ఒక్క తోపు, అంతే."

అనేశాక వాడికి తను ఏమన్నాడో తెలిసింది. మేనత్త మొహం చూసి నాలిక కరుచుకున్నాడు.

నివెస్ ఆ కుర్రాడి వంక చూసింది. ఇందాక తను చూడని మొహం.

"చివరికి వచ్చింది నువ్వేనా?"

"నేనేనండి." వాడి ఇటాలియన్ మెల్లగా, పదం పదం ఏరుకున్నట్టు ఉంది. "లోరిస్ చెప్పాడండి. కాళ్ళు చచ్చిపోతే గోడ మలుపులో మా అత్త ఉంటుంది, నీలం ఏప్రాన్, ఆవిడ పక్కకి వెళ్ళు, ఎవర్నీ వదిలిపెట్టదు అన్నాడు. మీ పక్కకే వచ్చానండి."

రిఫరీ బండి లోరిస్ వెనకే పోయింది. ఈ కుర్రాణ్ణి తోస్తే అడిగేవాడు లేడు. వద్దన్నవాడూ లేడు. ఇన్నేళ్ళుగా తను అక్కడ నిలబడిందే ఇలాంటివాడి కోసం. వాడు వచ్చి అడిగితే, చేతులు పైకెత్తి దారి ఇచ్చింది. నివెస్‌కి ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. చుట్టూ జనం ఇంకా లోరిస్ పేరు అరుస్తున్నారు.

"నిన్ను నేను చూడలేదు నాయనా" అంది. "నా కళ్ళకి వాడు తప్ప ఎవరూ కనబళ్ళేదు."

"పర్లేదండి." కుర్రాడు నిజంగానే నవ్వాడు, ఆవిడని ఓదార్చాలని. "మా ఊళ్ళో కొండ మీద మా అమ్మ కూడా అంతేనండి. నేనొచ్చే రోజున ఇంకెవరూ కనబడరు."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. తిండి తినిపోరా అని అడిగితే, బండి సర్దుకోవాలండి, పొద్దున్నే విమానం అన్నాడు. ఓర్తెన్సియా రెండు అట్లు కాగితంలో చుట్టి వాడి కోటు జేబులో పెట్టింది. లోరిస్ ఈల వేసి బయల్దేరాడు. మెహారీ ఆవిడకి తల వంచి దండం పెట్టి, లోరిస్ వెనకే కిందకి దిగిపోయాడు.